హవల్దారుగారికి ఎవరు చెప్పాలి?

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన కుర్రాళ్ళు మా అరుగు మీద కూర్చుని, "తాతగారూ, అన్నేళ్ళు వకీలు గుమస్తాగా చేశారు కదా, అన్నిటికంటే కష్టమైన వ్యవహారం ఏదండీ?" అని అడుగుతూ ఉంటారు. ఏ ఖూనీ కేసో, లంక భూముల తగాదానో చెబుతానని వాళ్ళ ఆశ. లంక తగాదాలు నేను కావలసినన్ని చూశాను. వరదకి లంక మునిగి, నీళ్ళు తీసేసరికి నీ ఇసుక ఏది నా ఇసుక ఏది అని తలలు పగలగొట్టుకున్నవాళ్ళని చూశాను. అవన్నీ ఎప్పటికో అప్పటికి తేలాయి. నా ప్రాణం తోడేసింది అసలు కోర్టు గడపే తొక్కని వ్యవహారం. ఒక పెద్దమనిషితో "రేపటినుంచి మీరు రావద్దండి" అని చెప్పాలి. అంతే పని. ఆ ఒక్క మాట చెప్పలేక మా ఊరి పెద్దలు చేసిన నిర్వాకం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గోదావరి మీద రైలు వంతెన పడిన కొత్తలు అవి. నేను రాజమండ్రిలో ఒక పెద్ద వకీలుగారి దగ్గర ఉండేవాణ్ణి. ఆయన కోర్టులో లేచి నిలబడితే జడ్జీ దొర కలం కింద పెట్టి వినేవాడు. ఎదుటి సాక్షి నోట్లోంచి నిజం లాగేదాకా ఊరుకునేవారు కాదు. గౌను తీసేస్తే మాత్రం అంత మెత్తని మనిషి ఇంకొకడు లేడు. కోర్టు బంట్రోతుని కూడా ‘మీరు’ అనేవారు. పాలు పోసేవాడు నీళ్ళు కలిపితే, "పాలు కాస్త పల్చగా ఉన్నట్టున్నాయండీ, నా నాలుక బాగోలేదేమో" అనేవారు. వాడు మర్నాడు ఇంకాసిని నీళ్ళు కలిపేవాడు.

కాలేజీ కుర్రాళ్ళూ, సర్కారు కచేరీల్లో పనిచేసే పడుచువాళ్ళూ కలిసి ఊళ్ళో ఒక ఫుట్‌బాలు క్లబ్బు పెట్టి ఈయన్ని ప్రెసిడెంటుగా కూర్చోబెట్టారు. ప్రెసిడెంటుగిరీ ఆయనది, చాకిరీ నాది. బంతికి గాలి కొట్టించడం, తోలు తెగితే కుట్టించడం, గోలు స్తంభాలకి సరుగుడు కర్రలు తెప్పించడం, ఆటకి ముందు మేస్తున్న గేదెల్ని అవతలికి తోలించడం, అన్నీ నేనే. ఆట నియమాలు మాత్రం నాకు ఇప్పటికీ సగమే తెలుసు. ఆ ఆట ఆడే స్థలం కొవ్వూరు భూస్వామి ఒకాయనది. మా ఊరి చివర బీడుగా పడి ఉంటే, ఆడుకోండయ్యా అని ఇచ్చాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, గొడవంతా అక్కడే పుట్టింది.

ఇప్పుడు మీరు కోచ్ అంటున్నారే, ఆ పని మా క్లబ్బులో చేసినవాడు ఒక రిటైరైన హవల్దారు. కాకినాడ పక్కన సముద్రం ఒడ్డున వేటకి వెళ్ళే కుటుంబంలో పుట్టి, వల వదిలేసి పల్టనులో చేరి, బర్మా దాకా వెళ్ళి, అక్కడ తెల్ల సోల్జర్ల దగ్గర ఈ ఆట నేర్చుకున్నాడు. పెళ్ళాం పోయింది. ఒక్కతే కూతురు, కాకినాడలో కాపరం చేసుకుంటోంది. ఈయన మా ఊళ్ళో ఒక గది తీసుకుని, తెల్లారకుండానే కుర్రాళ్ళని గోదావరి గట్టు మీద పరుగెత్తించేవాడు. ఆయన గొంతుకి రేవులో స్నానం చేసేవాళ్ళు మంత్రాలు మరిచిపోయేవారు. ఆటగాళ్ళు తప్పు చేస్తే తిట్టడానికి ఆయన మనవాళ్ళని మధ్యలో ఆపేసేవాడు. ఆ తిట్టే లోపల ఎదుటివాళ్ళు గోలు కొట్టిన రోజులూ ఉన్నాయి. "వాళ్ళు కొడితే కొట్టారు లెండి, మనవాడికి బుద్ధొచ్చింది కదా" అనేవాడు. నాకు చిర్రెత్తుకొచ్చేది.

ఇంతలో భూస్వామిగారి బావమరిది వచ్చి జట్టులో చేరాడు. మద్రాసునుంచి బూట్లు తెప్పించుకున్నాడు. మిగతావాళ్ళందరూ వట్టి కాళ్ళతోనే ఆడేవారు. ఈయనగారు బూట్లకి బురద అంటుతుందని బంతి దగ్గరికి వెళ్ళడు, బంతే తన దగ్గరికి రావాలి. హవల్దారుగారు కొన్నాళ్ళు చూసి, "బాబూ, తమరు ఆ చాప మీద కూర్చుని చూస్తూ ఉండండి, చూస్తే కూడా ఆట వస్తుంది" అని పక్కన కూర్చోబెట్టేశాడు. కుర్రాడు వెళ్ళి అక్కతో చెప్పాడు. అక్క మొగుడితో చెప్పింది. మొగుడు బల్లకట్టు మీద గోదావరి దాటి వచ్చి మా వకీలుగారితో, "ఆట నేర్పే మేష్టారిని మారుస్తారా, లేకపోతే నా స్థలంలో మామిడి మొక్కలు వేసుకోమంటారా?" అన్నాడు.

స్థలం లేకపోతే క్లబ్బు లేదు. కమిటీ కూర్చుంది. హవల్దారుగారిని పంపించేద్దాం, మద్రాసులో చదివొచ్చిన కాలేజీ మేష్టారు ఒకాయన ఆట తెలిసినవాడు ఉన్నాడు, ఆయన్ని పెట్టుకుందాం అని తీర్మానించారు. సరే, స్థలం ఉన్నవాడి మాట చెల్లింది, అది లోకరీతి. దానికి నేను ఏమీ అనను. "మరి హవల్దారుగారికి ఎవరు చెబుతారు?" అని అడిగాను. అందరూ పైకప్పు చూశారు. చివరికి వకీలుగారు, "నేను సున్నితంగా చెబుతానోయ్" అన్నారు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని హవల్దారుగారి గదికి వెళ్ళారు. ఆయన మాకు చాప వేసి, చల్లబెట్టిన కుండలోంచి మజ్జిగ పోసి ఇచ్చాడు. వకీలుగారు మజ్జిగ మెచ్చుకున్నారు, కుండ మెచ్చుకున్నారు. ఆ తరవాత, "హవల్దారుగారూ, మీకూ వయసు మీద పడుతోంది. తెల్లవారుజామున ఆ చలిగాలి, ఆ అరుపులు... ఒంటికి పడుతున్నాయాండీ?" అన్నారు.

హవల్దారుగారు పంచె ఎగగట్టి, మా ఎదురుగా బస్కీలు తీయడం మొదలుపెట్టాడు. మేము చాలండీ చాలండీ అనేదాకా ఆపలేదు. "అయ్యగారూ, తమరి దయవల్ల ఇంకా ఎన్నేళ్ళయినా పరిగెత్తగలనండి" అన్నాడు, ఆయాసం కూడా లేకుండా.

వకీలుగారు నా వైపు చూశారు. నేను కానివ్వండన్నట్టు తలాడించాను. "అది కాదండీ, మీ అమ్మాయి కాకినాడలో ఉంది కదా. బెంగగా ఉండదూ?" అన్నారు.

"ఆ మాటే నేను తమతో అందామనుకుంటున్నానండి" అన్నాడు హవల్దారుగారు. "కాకినాడ క్లబ్బువాళ్ళు నన్ను రమ్మంటున్నారండి, వాళ్ళ కుర్రాళ్ళకి ఆట నేర్పడానికి. వాళ్ళ జట్టు మన మీద ఆటకి వస్తుంది కదండీ, ఆ రోజుకల్లా వస్తానో రానో తేల్చి చెప్పమన్నారు. నేను చెప్పకపోతే ఇంకొకాయన్ని పెట్టుకుంటారంట. పిల్ల కూడా వచ్చేయి నాన్నా అంటోందండి. కొలువుంటే పక్కన ఇల్లు తీసుకుని ఉంటాను. కొలువు లేకుండా అల్లుడి గుమ్మంలో ఎలా కూర్చుంటానండీ? కానీ తమరి ఉప్పు తిన్నాను. తమరు పొమ్మంటే పోతాను, ఉండమంటే ఉంటాను. తమరి మాటేనండి."

నాయనలారా, విన్నారా! తలుపు బార్లా తెరిచి, ఇదిగో బయటికి దారి అని ఆయనే చూపిస్తున్నాడు. ‘వెళ్ళిరండి’ అంటే ఆయనకి మేలు, మాకు మేలు, మామిడి మొక్కల బెడదా లేదు. 

మా వకీలుగారు రెండు చేతులూ ఊపుతూ, "అబ్బెబ్బే! మిమ్మల్ని పొమ్మనడమేంటండీ! అంత మాట మా నోట ఎలా వస్తుంది?" అన్నారు.

దారిలో నేను ఉండబట్టలేక అడిగేశాను. "ఏంటండీ అలా అన్నారు? ఆయనే అడుగుతుంటేనూ!"

"ఎదురుగా కూర్చుని మజ్జిగ ఇచ్చిన మనిషిని మొహం మీద ఎలా అనమంటావోయ్? నొచ్చుకోడూ?" అన్నారు. కొంచెం దూరం నడిచాక ఆయనకి ఉపాయం తట్టింది. "సన్మానం చేద్దాం. ఉద్యోగం చాలించుకునేవాళ్ళకి చేసేదే కదా. శాలువా కప్పితే అర్థం చేసుకోడూ?"

నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. ఆట ఆడే పొలంలోనే పందిరి వేయించారు. సన్నాయి పిలిపించారు. పూతరేకులు పంచారు. హవల్దారుగారిని కుర్చీలో కూర్చోబెట్టి, బంతిపూల దండ వేసి, జరీ శాలువా కప్పారు. వకీలుగారు ఉపన్యాసం ఇచ్చారు. ఆ ఉపన్యాసం విని నాకే కళ్ళు చెమ్మగిల్లాయి, అంత బాగా మాట్లాడారు. ఈ క్లబ్బుకి హవల్దారుగారు ప్రాణం పోశారన్నారు, మా పిల్లల్ని మగవాళ్ళని చేశారన్నారు. వెళ్ళిపొమ్మన్న ముక్క మాత్రం మొదటినుంచి చివరిదాకా ఎక్కడా లేదు. దిగి వచ్చి నా చెవిలో, "చూశావా, జరిగిపోయిన సంగతులే చెప్పాను, జరగబోయేది ఒక్కటీ చెప్పలేదు. తెలివున్నవాడికి ఇంకేం కావాలి?" అన్నారు.

హవల్దారుగారు లేచాడు. శాలువా అంచులు రెండు చేతులా పట్టుకున్నాడు. "పల్టనులో ఇన్నేళ్ళు చేశానండి. నాకు ఎవరూ ఒక పువ్వు ఇవ్వలేదు. ఇంత మర్యాద చేసిన తమరిని వదిలి నేను ఎక్కడికీ పోనండి. కాకినాడా వద్దు, ఏమీ వద్దు. ఈ కట్టె కాలేదాకా ఈ పొలమే!" అన్నాడు. కుర్రాళ్ళు ఈలలు వేశారు. భూస్వామిగారు మా వకీలుగారిని చూసిన చూపు నేను మరిచిపోలేను. మర్నాడు హవల్దారుగారు ఇంకా ముందే లేచి, ఇంకా గట్టిగా అరవడం మొదలుపెట్టాడు.

ఇంక నావల్ల కాలేదు. నా ఉద్యోగం పోతే పోయిందనుకుని ఒక సాయంకాలం ఆయన గదికి ఒక్కణ్ణే వెళ్ళాను. "హవల్దారుగారూ, నేను చెప్పేది కాస్త వినండి. వాళ్ళు మిమ్మల్ని తీసేశారు. ఆ శాలువా వెళ్ళిరమ్మని కప్పింది. మీ స్థానంలో ఇంకొకాయన్ని కుదిర్చేశారు. కాకినాడవాళ్ళకి వస్తానని చెప్పేయండి" అని ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన పకపకా నవ్వాడు. "బాబూ, గుమస్తాగారూ, తమరికి నా మీద కోపం ఉందని నాకు తెలుసండి. బంతికి గాలి సరిగ్గా కొట్టించలేదని ఆ వేళ అందరిలో అరిచాను కదా. అదేం మనసులో పెట్టుకోకండి."

"నాకేం కోపం లేదండీ బాబూ! మీ మంచి కోసమే చెబుతున్నాను."

"మరి అంత పెద్ద వకీలుగారు పదిమందిలో నిలబడి నేనే ఈ క్లబ్బుకి ప్రాణమన్నారండి. తమరేమో తీసేశారంటున్నారు. నేను ఎవరి మాట నమ్మాలి, చెప్పండి?"

 ఆయన తప్పేం ఉంది? పల్టనులో ఆఫీసరు ఏమంటే అదే. పైకి ఒకటి అని లోపల ఇంకొకటి ఉంచుకోవడం ఆయనకి ఎవరూ నేర్పలేదు.

కాకినాడ జట్టు వచ్చిన రోజు పొలం చుట్టూ జనం కిక్కిరిసిపోయారు. పందిట్లో భూస్వామిగారు, ఆయన పక్కన వకీలుగారు, ఆ పక్కన చేతులు కట్టుకుని కొత్త మేష్టారు. ఎవరైనా అడిగితే ఆయన్ని చుట్టపుచూపుగా వచ్చిన అతిథి అని చెప్పమన్నారు. హవల్దారుగారు గీత పక్కన అటూ ఇటూ తిరుగుతూ అరుస్తున్నాడు. నేను పొద్దున్నే వకీలుగారి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "ఇవాళే ఆఖరండీ. కాకినాడవాళ్ళు ఇవాళ జవాబు తీసుకుని వెళ్ళిపోతారు. మీరు ఒక్కసారి వెళ్ళమంటే ఆ ముసలాయన కూతురి దగ్గర గౌరవంగా బతుకుతాడు. లేకపోతే రెంటికీ చెడతాడు" అన్నాను. వకీలుగారు తల ఊపారు. తప్పకుండా చెబుతానన్నారు.

ఆట సగంలో విరామం ఇచ్చారు. కాకినాడ క్లబ్బు సెక్రటరీ పందిట్లోకి వచ్చాడు. హవల్దారుగారిని కేకేసి, "ఏమంటారండీ? మాకు మాట ఇవ్వాలి మరి" అన్నాడు.

హవల్దారుగారు వకీలుగారి వైపు తిరిగి, అటెన్షనులో నిలబడ్డాడు. "అయ్యగారూ, ఇటు గుమస్తాగారు ఒకటి చెబుతున్నారు. తమరి నోటితో వినాలనుకుంటున్నానండి. నేను ఉండాలా, వెళ్ళాలా?"

అంతకంటే సూటిగా ఇంకెలా అడగాలి! పందిట్లో అందరూ చూస్తున్నారు. వకీలుగారు కండువాతో మొహం తుడుచుకున్నారు. నోరు తెరిచారు. నేను మనసులో దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

"మీరు లేని క్లబ్బు ఒక క్లబ్బేనాండీ!" అన్నారు వకీలుగారు.

"సెలవండి" అన్నాడు కాకినాడ సెక్రటరీ. "అయితే మేము ఆ రెండో ఆయన్నే పెట్టుకుంటాం." హవల్దారుగారు నా వంక ఒక నవ్వు విసిరి, మళ్ళీ గీత దగ్గరికి వెళ్ళిపోయాడు. నాకు ఆ పందిరి రాటకి తల కొట్టుకోవాలనిపించింది. పైగా ఆ రోజు మా జట్టు గెలిచింది కూడా. కుర్రాళ్ళు హవల్దారుగారిని భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారు. భూస్వామిగారు లేచి, "రేపు పొద్దున్న కొత్తాయన పొలంలో ఉండాలి" అని వకీలుగారితో చెప్పి బండెక్కారు.

మర్నాడు హవల్దారుగారు పొలానికి వెళ్ళేసరికి కొత్త మేష్టారు కుర్రాళ్ళకి పాఠం చెబుతున్నాడు. కుర్రాళ్ళు తలలు దించుకున్నారు. బావమరిదిగారు బూట్లేసుకుని మధ్యలో నిలబడ్డాడు. హవల్దారుగారు అక్కడినుంచి నేరుగా మా ఆఫీసుకి వచ్చాడు. వకీలుగారు ఆయన్ని చూస్తూనే కుర్చీలోంచి లేచారు. "రండి, రండి. ఏం లేదండీ, ఆయన మీకు కాస్త సాయంగా ఉంటారనీ... మీరు ఎప్పుడైనా రావచ్చండి. అది మీ క్లబ్బే!"

 హవల్దారుగారు నా వైపు తిరిగి, "తమరు చెప్పిందే నిజమన్నమాట" అన్నాడు. నేను ఆయన కళ్ళల్లోకి చూడలేక కాగితాలు సర్దుకున్నాను.

ఆ సాయంకాలం ఆయన ఉతికిన చొక్కా వేసుకుని పొలానికి వచ్చాడు. ప్రెసిడెంటుగారి కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఒక్క అరుపు లేదు, ఒక్క తిట్టు లేదు. ఆటయ్యాక లేచి వెళ్ళిపోయాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. వకీలుగారు పక్కన కూర్చుని, "ఏమండీ, కులాసాయేనా?" అనేవారు. "తమరి దయండి" అనేవాడు ఆయన. ఆ తరవాత ఇద్దరి మధ్యా మాటలు ఉండేవి కావు. ఇలా కొన్ని వారాలు జరిగింది. వకీలుగారు రోజు విడిచి రోజు వెళ్ళడం మొదలుపెట్టారు. ఆ తరవాత ఒంట్లో నలతగా ఉందన్నారు. చివరికి తన క్లబ్బుకి తనే వెళ్ళడం మానేశారు. ఏ కేసూ వాయిదా వేయించుకోని మనిషి, సాయంకాలం అయ్యేసరికి ఏదో ఒక వంక వెతుక్కునేవారు.

ఒక రోజు కాగితాలు విసిరికొట్టి, "ఎందుకోయ్ ఆయన రోజూ వస్తాడు? నువ్వు వెళ్ళి రావద్దని చెప్పు!" అని నా మీద అరిచారు. ఆయన నా మీద అరవడం అదే మొదలు, అదే చివర.

"నేను ఒకసారి చెప్పానండీ. నమ్మలేదు. ఇంక మీరే చెప్పాలి" అన్నాను. నా గొంతు కూడా పెరిగింది.

ఆయన ఏం అనుకున్నారో, కండువా భుజాన వేసుకుని బయల్దేరారు. నేను వెనకాలే పరుగెత్తాను.  హవల్దారుగారు ఎప్పటిలా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వకీలుగారు ఆయన ఎదురుగా నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని, "హవల్దారుగారూ, మిమ్మల్ని తీసేశాం. రేపటినుంచి మీరు రావద్దండి" అన్నారు.

హవల్దారుగారు లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. మడమలు కలిపి సలాం కొట్టాడు.

"అలాగేనండి. ఈ మాట కోసమే ఇన్నాళ్ళూ కూర్చున్నానండి" అన్నాడు. "కొలువు పోయిందని అల్లుడితో చెప్పుకోవాలంటే, పోయిందని నాతో ఎవరో ఒకరు చెప్పాలి కదండీ."

అంతే. పొలం దాటి, గట్టెక్కి, రేవు వైపు వెళ్ళిపోయాడు. మళ్ళీ నేను ఆయన్ని చూడలేదు. అల్లుడి గుమ్మంలో ఎలా కూర్చున్నాడో, ఏం చెప్పుకున్నాడో నాకు తెలియదు.

వకీలుగారు కళ్ళు తెరిచి చూసేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన మొహం ఒక్కసారిగా తేటపడింది. నా భుజం మీద చెయ్యి వేసి, "ఎంత తేలిగ్గా అయిపోయిందోయ్! ఆయన ఏమీ అనుకోలేదు చూడు. ఇంత తేలికని తెలిస్తే మొదటే చెప్పేవాణ్ణి కదా!" అన్నారు.

నా చేతిలో గొడుగు ఉంది. దాన్ని ఏం చేయాలనిపించిందో మీకు వేరే చెప్పక్కర్లేదు. కానీ ఆయన నా యజమాని, పైగా నొచ్చుకుంటారు.

"అవునండి" అన్నాను.